పదకొండు ఖాళీ ఉత్తరాలు

“మా అల్లుడికి పనితనం తక్కువ, చాదస్తం ఎక్కువ. అది నేనూ కాదనను,” అంది ఆవిడ పొద్దున పదింటికి ఫోన్లో. “మా అమ్మాయిని వాడికిచ్చి తప్పు చేశానని పన్నెండేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. కానీ జనం తాగే నీళ్ల గురించి వాడు అబద్ధం రాశాడంటే మాత్రం నమ్మను. కాచి వడగట్టిన నీళ్లని కూడా గ్లాసు వెలుతురులో పెట్టి చూస్తే గానీ తాగడమ్మా వాడు.”

అత్తగారి నోటి నుంచి అల్లుడికి ఇంతకంటే గట్టి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? ఎక్స్‌ఛేంజి అక్కయ్య ఆ ఒక్క మాట మీదే కేసు ఒప్పుకుంది.

ముప్పయ్యేళ్లు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో లైన్లు కలిపిన మనిషి ఆమె. మాట్లాడుతున్నది ఎవరో, మాట్లాడుతున్నట్టు నటిస్తున్నది ఎవరో చెవి ఒగ్గిన క్షణంలో చెప్పేసేది. ఎక్స్‌ఛేంజి మూతపడ్డాక ఇంటి ముందు బోర్డు పెట్టి పరిశోధనలోకి దిగింది. పేరు మాత్రం పాతదే మిగిలిపోయింది. ఏ కేసులో అడుగుపెట్టినా అది గెలిచే కేసే అన్నట్టు నడుస్తుంది. ఆ నడక చూస్తే కొందరికి ఒళ్లు మండుతుంది. ఆ కొందరిలో మొదటివాడు ఆమె సొంత మరిది, సైబర్ నేరాల ఇన్‌స్పెక్టరు.

బుధవారం మధ్యాహ్నం రెండుంబావుకి ఆమె నీటి పరీక్షల ల్యాబ్‌లో డైరెక్టరు గదిలోకి వెళ్లేసరికి ఆ మరిదే ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

“మీరా వదినా,” అన్నాడు, కుర్చీలోంచి సగం లేచి మళ్లీ కూర్చుంటూ. “ఇది వంటింటి వ్యవహారం కాదు.”

“వంటింటి వ్యవహారమైతే నిన్ను పిలుద్దురులే, తినిపెట్టడానికి,” అంది అక్కయ్య. “కెమిస్టుగారి అత్తగారి తరఫున వచ్చాను. సంగతేమిటో చెప్పు.”

గదిలో ఇంకో ముగ్గురు ఉన్నారు. చేతులకు బేడీలతో నలభై ఏళ్ల కెమిస్టు. మూలన ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, మూడు వారాలుగా నిద్ర లేని ముఖంతో మెయిలు ఇంజనీరు. పెద్ద బల్ల వెనక, ఇస్త్రీ మడత చెదరని చొక్కాలో డైరెక్టరు.

“ఆవిడకి చెప్పండి ఇన్‌స్పెక్టర్ గారూ, దాచేదేముంది,” అన్నాడు డైరెక్టరు పెద్దరికంగా. “నేనొచ్చిన ఐదేళ్లలో ఈ ఊళ్లో ఒక్క ట్యాంకు నీళ్లు ఫెయిల్ కాలేదమ్మా. ఒక్కటంటే ఒక్కటి. ఇప్పుడు ఈయన వల్ల ఇంత మచ్చ. అరెస్టు సంగతి మాత్రం ఇంకా బయటికి పొక్కకూడదు. జనం భయపడతారు. నాకు పై ఆఫీసు మీటింగుంది, మీరు కానివ్వండి.” వాచీ చూసుకుని వెళ్లిపోయాడు. అప్పుడు రెండూ ఇరవై.

ఇన్‌స్పెక్టరు కాలు మీద కాలు వేసుకున్నాడు. వదినకు పాఠం చెప్పే అవకాశం రోజూ రాదు.

“వినండి. మొన్న ఆదివారం దాకా ఈ బిల్డింగులో కూర్చుని ఎవరు ఎవరి పేరుతో మెయిలు కొట్టినా బయటికి వెళ్లిపోయేది. సర్వర్ ఎవర్నీ ఏమీ అడిగేది కాదు. సోమవారం పొద్దున పదింటి నుంచి పద్ధతి మారింది. ఎవరి పాస్‌వర్డ్ వాళ్లు ఇస్తేనే మెయిలు గడప దాటుతుంది. ఎవరి పాస్‌వర్డో వాళ్ల పేరే దాని మీద పడుతుంది. అంత గట్టి ఏర్పాటు కనకనే వాటర్ సప్లై వాళ్లు కూడా అదే రోజు నుంచి ముద్ర వేసిన కాగితం అడగడం మానేశారు. కెమిస్టు మెయిలు వస్తే చాలు, ట్యాంకు తెరుస్తారు.”

“తెరిచారా?”

“సోమవారం పదకొండూ నలభై రెండుకి మెయిలు వెళ్లింది. ‘మూడో ట్యాంకు నీరు సురక్షితం’ అన్న సర్టిఫికెట్ జత చేసి ఉంది, కింద ఈయన సంతకం. అది ఈయన సంతకమేనని నిపుణుడు కూడా తేల్చాడు. సాయంత్రం నీళ్లు వదిలారు. ఈరోజు పొద్దుటికి అరవై మూడు మంది ఆసుపత్రిలో ఉన్నారు. ఒక పాపకి ఇంకా స్పృహ రాలేదు. పాస్‌వర్డ్ ఈయనది, సంతకం ఈయనది. నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు పెడతాను. ఇందులో మీరు పరిశోధించడానికి ఏం మిగిలింది వదినా?”

అక్కయ్య కుర్చీ లాక్కుని కెమిస్టు ఎదురుగా కూర్చుంది.

“సంతకం మీదేనా?”

“నాదేనండి. కానీ నేను పెట్టలేదు.”

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. కెమిస్టు అతని వైపు తిరిగి, “ఆ పాపకి ఎలా ఉందండీ ఇప్పుడు?” అని అడిగాడు. పొద్దున్నుంచి అతను ఆ ప్రశ్న అడగడం అది నాలుగోసారి. తన సంగతి ఒక్కసారీ అడగలేదు. అక్కయ్యకు ఆ క్షణంలోనే అతని మీద నమ్మకం కుదిరింది, దాంతో పాటు అత్తగారి మీద గౌరవమూ పెరిగింది.

“సోమవారం పదింటి తర్వాత మీరు ఎన్ని మెయిళ్లు పంపారు?”

“ఆరు.”

“అంత కచ్చితంగా ఎలా చెప్తున్నారు?”

“కొత్త పద్ధతి కదండీ. వెళ్లిందో లేదో అని భయమేసి ప్రతిదీ టైముతో సహా పుస్తకంలో రాసుకున్నాను.”

“మూడో ట్యాంకు గురించి?”

“శాంపిల్ ఫెయిలైందనే రాశాను. ‘తెరవవద్దు’ అని ఎర్రసిరాతో రిజిస్టరులో రాసి డైరెక్టరుగారి బల్ల మీద పెట్టాను. ఆ రిజిస్టరు ఇప్పుడు కనబడటం లేదంటున్నారు.”

“రాసి ఉంటే కదా కనబడటానికి,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అక్కయ్య మూలకు తిరిగింది. “ఇంజనీరు బాబూ, నీ రికార్డు చూసి చెప్పు. సోమవారం పదింటి నుంచి ఈయన పేరుతో ఎన్ని వెళ్లాయి?”

ఇంజనీరు మీటలు నొక్కాడు. “ముప్పై ఒకటండి.”

“చూశారా,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “ఆరన్నాడు. పచ్చి అబద్ధం.”

“ఉండు మరిదీ, తొందరపడితే పాలు పొంగుతాయి. ఈయన్ని నువ్వు ఎన్నింటికి అదుపులోకి తీసుకున్నావు?”

“ఈరోజు పొద్దున తొమ్మిదింటికి.”

“కంప్యూటరు?”

“గదికే సీలు వేశాను. ఫోను ఇదిగో.” బల్ల మీద పారదర్శకమైన కవరులో, లక్క ముద్ర కింద కెమిస్టు ఫోను ఉంది. “ఆయన తాకి ఐదు గంటలు దాటింది.”

“సరే. బాబూ, ఈరోజు తొమ్మిది తర్వాత ఈయన పేరుతో ఎన్ని వెళ్లాయి?”

ఇంజనీరు ఈసారి రెండుసార్లు లెక్కపెట్టాడు.

“పదకొండు.”

ఇన్‌స్పెక్టరు కాలు మీది నుంచి కాలు దించాడు. ఆరోజు లెక్క అడగాలని అతనికి తట్టనే లేదు. నేరం సోమవారం జరిగింది కనక సోమవారం మెయిలొక్కటే తెప్పించుకున్నాడు. తెలివిలేక కాదు పాపం, దొంగ ముందే దొరికాడు కదా అన్న నిశ్చింత.

“పాస్‌వర్డ్ ఎవరో దొంగిలించి ఉంటారు,” అన్నాడు చివరికి.

“దొంగిలిస్తే ఒక్క మెయిలు పంపి ఊరుకుంటారు గానీ రోజుకి పదకొండు పంపుతారా? ఆ పదకొండూ ఎవరెవరికి వెళ్లాయో చదువు బాబూ.”

ఇంజనీరు మూడు చదివేసరికే అక్కయ్య చాలంది. సామాన్లు పంపేవాళ్లకి ఆర్డరు కాగితం. పై ఆఫీసుకి ఎవరిదో సెలవు దరఖాస్తు. ఒక బడికి హెడ్ క్లర్కుగారి అబ్బాయి మెడికల్ సర్టిఫికెట్. ప్రతి మెయిలుకీ ఒక కాగితం జత చేసి ఉంది. లోపల మాత్రం ఒక్క అక్షరం లేదు. అన్నీ ఖాళీయే.

“కెమిస్టుగారూ, మీరు మెయిలు ఎలా మొదలుపెడతారు?”

“అందరిలాగేనండి. ‘ఆర్యా, నమస్కారములు. మీరు క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేము...’”

“విన్నావా మరిదీ? ఈయన క్షేమ సమాచారం అడక్కుండా ఆవులించను కూడా ఆవులించడు. సోమవారం నుంచి మొత్తం ఇరవై ఐదు ఖాళీ ఉత్తరాలు, అందులో పదకొండు ఈరోజువే. ఇవి ఈయన రాసినవి కావు. అసలు మనిషి రాసినవే కావు.” అక్కయ్య లేచి నిలబడింది. “మా ఎక్స్‌ఛేంజిలో ఒకసారి ఒక లాయరుగారి నంబరు నుంచి, ఆయన ఊళ్లో లేని రోజు, నలభై కాల్స్ పోయాయి. అందరూ వాళ్లావిణ్ణి అనుమానించారు. తీరా చూస్తే లైన్‌మన్ వీధి చివర కొత్త బూత్ పెడుతూ, దానికి వేరే లైను రాకపోతే, తాత్కాలికంగా లాయరుగారి తీగకి కలిపి మర్చిపోయాడు. దారినపోయే ప్రతివాడూ లాయరుగారి నంబరుతోనే మాట్లాడాడు. ఈ ఆఫీసులో కాగితం పంపగలిగి, నోటితో ఒక్క మాట చెప్పలేనిది ఏమిటి బాబూ?”

ఇంజనీరు ల్యాప్‌టాప్ మూసేశాడు. తల ఎత్తలేదు.

“వసారాలో జిరాక్స్ మెషిన్ అండి.”

*

డైరెక్టరు గది గుమ్మం నుంచి మెషిన్ దాకా పద్నాలుగు అడుగులు. అక్కయ్య లెక్కపెట్టుకుంటూ నడిచింది. ఫోను కవరు చేతపట్టుకుని ఇన్‌స్పెక్టరు, కెమిస్టు, ఇంజనీరు వెనకే వచ్చారు. బీరువా అంత మెషిన్, పైన అద్దం మూత, పక్కన చిన్న తెర. కాగితం పెట్టి, పంపాల్సిన అడ్రసు కొట్టి, ఆకుపచ్చ మీట నొక్కితే కాగితం బొమ్మ మెయిల్లో వెళ్లిపోతుంది. దీన్ని ఎవరైనా వాడవచ్చు. వాడినవాళ్ల పేరు అది అడగదు. మెషిన్ వసారా మలుపులో ఉంది. అక్కడ నిలబడ్డవాళ్లు అవతలి గదులకు కనిపించరు.

“చెప్పు బాబూ,” అంది అక్కయ్య. గొంతులో కోపం లేదు. కోప్పడితే ఇలాంటివాళ్లు నోరు మూసుకుంటారని ఆమెకు తెలుసు.

“నూట నలభై మందిని కొత్త పద్ధతికి మార్చానక్కా. ఒక్కొక్కరి బల్ల దగ్గరికీ వెళ్లి, పాస్‌వర్డ్ పెట్టించి, పంపి చూపించి... మనుషులందరూ లెక్కలో ఉన్నారు. మెషిన్ ఒకటి ఉందని మర్చిపోయాను. సోమవారం పదీ పదిహేనుకి దీన్నుంచి ఒక్క కాగితం కదల్లేదు. దీనికి పాస్‌వర్డ్ లేదు కదా. ఇక్కడ పదిమంది లైన్లో నిలబడి నన్ను తిట్టడం మొదలుపెట్టారు. దీనికి సొంత ఖాతా తెరవాలంటే ఫారం మీద డైరెక్టరుగారి సంతకం కావాలి, మూడు రోజులు పడుతుంది. అప్పుడే కెమిస్టుగారి బల్ల దగ్గర్నుంచి వస్తున్నాను. ఆయన కొత్త పాస్‌వర్డ్ రాసిన చీటీ నా జేబులో ఉంది.”

“అది పెట్టేశావు.”

“పని చేస్తుందో లేదో చూడ్డానికి. సాయంత్రం తీసేద్దామనుకున్నాను. వెంటనే పై అంతస్తు నుంచి పిలుపొచ్చింది. పొద్దున కెమిస్టుగారికి బేడీలు వేసినప్పుడు చెప్పాల్సింది. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. నన్ను క్షమించండి సార్.”

కెమిస్టు అతని వైపు తిరిగాడు. “పాస్‌వర్డ్ చీటీ మీద రాయించుకోకూడదని నోటీసులో మీరే రాశారుగా,” అన్నాడు మెల్లగా. అంతకంటే గట్టిగా తిట్టడం అతనికి చేతకాదు.

“రెండు రోజులుగా అందరి కాగితాలూ కెమిస్టు పేరుతో పోతుంటే ఎవరూ అడగలేదా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“ఈ వారం అన్నీ వింతగానే ఉన్నాయి సార్. కొత్త పద్ధతిలో ఇలాగే ఉంటుందేమో అనుకున్నారు.”

“అందరూ అనుకున్నారు. ఒక్కరు మాత్రం ఉపయోగించుకున్నారు,” అంది అక్కయ్య. “ఈ మెషిన్ దగ్గర ఒక్కసారి నిలబడి తన కాగితం ఎవరి పేరుతో వెళ్లిందో చూసినవాడు, ఈ మీట నొక్కితే ట్యాంకు తెరుచుకుంటుందని తెలిసినవాడు. దీనికి జ్ఞాపకం ఉంటుందా?”

ఇంజనీరు తెర మీద రెండు చోట్ల నొక్కాడు. పంపిన కాగితాల పట్టిక వచ్చింది. సోమవారం పదకొండూ నలభై రెండు, వాటర్ సప్లై. అక్షరాలా అదే నిమిషం. ఇన్‌స్పెక్టరు ముందుకు వంగి చూశాడు, పెదవి కొరుక్కున్నాడు.

అక్కయ్య వేలు పట్టిక చివరికి జారింది. అక్కడ ఆగిపోయింది.

“ఈరోజు ఒంటిగంటా యాభై ఐదు. మళ్లీ వాటర్ సప్లై. ఇదేమిటి?”

మెషిన్ దాచుకున్న బొమ్మను ఇంజనీరు తెరిచాడు. ‘ఐదో ట్యాంకు నీరు సురక్షితం. మూడు గంటలకు విడుదల చేయవచ్చును.’ కింద కెమిస్టు సంతకం.

కెమిస్టు తెర మీదికి వంగాడు. “ఐదో ట్యాంకు శాంపిల్ ఇంకా ఇంక్యుబేటర్‌లోనే ఉందండీ. సాయంత్రం ఆరు దాటితే గానీ ఏమీ చెప్పలేం. మూడో ట్యాంకుకీ దానికీ పైపు ఒకటే. అది కూడా పాడై ఉంటుంది. సగం ఊరు ఆ నీళ్లే తాగుతుంది.”

అక్కయ్య వాచీ చూసింది. రెండూ నలభై నాలుగు.

ఇన్‌స్పెక్టరు అప్పటికే ఫోన్ తీశాడు. వాటర్ సప్లై సూపర్‌వైజరు ఎత్తాడు, మొత్తం విన్నాడు. “ఇన్‌స్పెక్టర్నని రోజుకి నలుగురు చేస్తారండీ,” అన్నాడు. “నోటి మాట మీద తెరిచినా, మూసినా నా ఉద్యోగం పోతుంది. ఎవరి మెయిలుతో తెరవమన్నారో వాళ్ల మెయిలే రావాలి.” పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. మనిషిని పంపుదామంటే నలభై నిమిషాల దారి.

“ఆయన ఫోను కవరు చింపు. మెయిలు పంపిద్దాం,” అంది అక్కయ్య.

“సాక్ష్యం వదినా అది. పై అధికారి సంతకం లేకుండా సీలు తీస్తే కేసు కోర్టులో నిలవదు.”

“మంచిది. ఈ మెషిన్‌కి సీలు వేశావా?”

“లేదు.”

“అయితే జరుగు.”

ఆమె సంచిలోంచి తెల్లకాగితం తీసి మెషిన్ మూత మీదే పెట్టి పెద్ద అక్షరాలతో రాసింది. ‘ఐదో ట్యాంకు తెరవవద్దు. ఇందాక వచ్చిన ఉత్తరం దొంగది. సోమవారం వచ్చినదీ దొంగదే. అందిన వెంటనే జవాబు రాయండి.’ కెమిస్టు బేడీల చేతులతోనే సంతకం పెట్టాడు. సంతకం వంకర పోలేదు. అక్కయ్య వాటర్ సప్లై అడ్రసు కొట్టి, దాని పక్కనే మరిది అడ్రసు కూడా కొట్టి, ఆకుపచ్చ మీట నొక్కింది.

మెషిన్ లోపల వెలుగు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పాకింది. పది సెకన్ల తర్వాత ఇన్‌స్పెక్టరు జేబులో ఫోను మోగింది. తీసి చూశాడు. పంపినవారు, కెమిస్టు. తల ఎత్తితే ఎదురుగా ఆ కెమిస్టే, రెండు చేతులూ బేడీల్లో.

ఇన్‌స్పెక్టరు తప్పులు చేస్తాడు గానీ, కళ్లముందు కనబడింది కాదనే రకం కాదు. జేబులోంచి తాళంచెవి తీసి బేడీలు విప్పాడు. “సారీ అండి,” అన్నాడు. వదిన వంక మాత్రం చూడలేదు. అక్కయ్య కూడా ఆ సమయంలో ఏమీ అనకుండా ఊరుకుంది. అనాలనుకున్నవి ఇంట్లో అనవచ్చు.

రెండూ నలభై తొమ్మిది. యాభై. యాభై ఒకటి. కెమిస్టు పెదవులు కదులుతున్నాయి. నిమిషాలు లెక్కపెడుతున్నాడో, పాప కోసం దండం పెట్టుకుంటున్నాడో తెలియలేదు.

రెండూ యాభై మూడుకి ఇన్‌స్పెక్టరు చేతిలోని కవరులో కెమిస్టు ఫోను వెలిగింది. సీలు అలాగే ఉంది. కవరులోంచి జవాబు కనబడుతోంది. ఇన్‌స్పెక్టరు చదివాడు.

“‘అందింది. ఐదో ట్యాంకు తెరవడం ఆపేశాం.’”

ఇంజనీరు గోడకు ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయాడు. కెమిస్టు రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. అక్కయ్య అతని భుజం తట్టింది.

“ఇంకా ఉంది,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “‘సోమవారం జరిగినదాని తర్వాత మీ పేరుతో మళ్లీ మెయిలు రాగానే మేమే తటపటాయించాం. రెండున్నరకి మీ డైరెక్టరుగారు ఫోన్ చేసి, కెమిస్టు రెండింటికి ముందే పరీక్ష పూర్తి చేసి తన ఎదుటే మెయిలు పంపాడని, మూడింటికి తెరిచి తీరాలని కేకలేశారు. ఇప్పుడు ఎవరి మాట వినమంటారు?’”

“తన ఎదుటే,” అంది అక్కయ్య. “తొమ్మిదింటి నుంచి ఈయన నీ ఎదుట కదా మరిదీ ఉన్నది.”

“ఆయన గదిలోనే కూర్చోబెట్టాను,” అన్నాడు ఇన్‌స్పెక్టరు పళ్లు బిగించి. “ఆయన బల్ల ముందే.”

“ఐదేళ్లలో ఒక్క ట్యాంకూ ఫెయిల్ కాలేదన్నాడు. కాకుండా చూసుకున్నాడు. ఇప్పుడు ఎక్కడున్నాడో...”

ఆమె మాట పూర్తికాలేదు. మలుపు అవతల బూట్ల చప్పుడు వినబడింది. అక్కయ్య చెయ్యెత్తింది. ఇన్‌స్పెక్టరు కెమిస్టును పట్టుకుని మెషిన్ వెనక్కి జరిగాడు. ఇంజనీరు కూర్చున్నచోటే మెషిన్ చాటుకి ముడుచుకున్నాడు. మెషిన్ ముందు అక్కయ్య ఒక్కతే మిగిలింది.

డైరెక్టరు మలుపు తిరిగాడు. చేతిలో ఒక కాగితం. దాన్ని మొహం దగ్గర పెట్టుకుని, వేడి కాఫీని ఊదినట్టు మెల్లగా ఊదుకుంటూ వస్తున్నాడు. అక్కయ్యను చూసి ఆగాడు గానీ తడబడలేదు.

“ఇంకా ఇక్కడే ఉన్నారా అమ్మా? మెషిన్ ఖాళీయేనా?”

“మీ కోసమే ఖాళీ చేశాం సార్. ఇటివ్వండి, నేను పెడతాను.”

కాగితం చాపితే ఎవరో ఒకరు అందుకోవడం అలవాటైన చెయ్యి అది. చాపింది. అక్కయ్య అందుకుంది. ‘ఆరో ట్యాంకు నీరు సురక్షితం’ అని ఉంది. కింద కెమిస్టు సంతకం, అసలు సంతకమే. ఆమె బొటనవేలు ‘ఆరో ట్యాంకు’ అన్నచోట ఆనింది. వేలు తీసేసరికి ఆ రెండు మాటలూ, పక్కనున్న ఈరోజు తేదీ కూడా, అతికించిన కాగితం ముక్కతో సహా వేలికి అంటుకుని లేచి వచ్చాయి. వాటి అడుగున ఎప్పటిదో పాత ట్యాంకు నంబరు, రెండేళ్ల కిందటి తేదీ బయటపడ్డాయి.

మెషిన్ వెనక నుంచి ఇన్‌స్పెక్టరు బయటికి వచ్చాడు. డైరెక్టరు అతన్నీ, అతని వెనక బేడీలు లేని కెమిస్టునీ చూశాడు. ఊదడానికి సగం తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

“జిగురు ఇంకా ఆరలేదు సార్,” అంది అక్కయ్య. “తొందరపడ్డారు.”